సికిల్ సెల్ నొప్పిలో ఊపిరితిత్తులను మరవద్దు

సంపాదకులకు,

సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే, పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి) రోగి ఒళ్లునొప్పులతో ఆసుపత్రిలో చేరినప్పుడు తొలి ఎక్స్‌రే బాగానే ఉండొచ్చు. 2, 3 రోజులకు జ్వరం, దగ్గు, ఆయాసం మొదలై, మళ్లీ తీసిన ఎక్స్‌రేలో కొత్తగా తెల్లటి మచ్చ కనిపిస్తే అది అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్. ఇది ప్రాణాంతకం కావచ్చు.

పక్కటెముకల నొప్పికి రోగి గాలి పైపైనే పీలుస్తాడు. ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోతుంది. అక్కడ ఆక్సిజన్ తగ్గగానే ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలను మూసేస్తాయి. ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. ఇన్ఫెక్షన్, ఎముక మజ్జలోంచి విడివడిన కొవ్వు కూడా దీనికి దారితీస్తాయి. సెలైన్ అతిగా ఎక్కినా, నొప్పి తగ్గించే మార్ఫిన్ మోతాదు మించినా ముప్పే. అలాగని నొప్పిని భరించమనడం అంతకంటే తప్పు.

మెలకువగా ఉన్నంతసేపు 2 గంటలకోసారి ఊపిరి వ్యాయామ పరికరమైన స్పైరోమీటర్‌తో 10 సార్లు గాఢంగా ఊపిరి తీయించండి. ఆక్సీమీటర్ చూపే రక్తంలోని ఆక్సిజన్ అంకె రోగికి మామూలుగా ఉండేదానికన్నా 3 శాతం తగ్గితే ఆలస్యం చేయకుండా ఎక్స్‌రే అడగండి.

– రక్తవ్యాధుల వైద్యులు