రీస్టార్ట్ కొట్టే ముందు ఆ డంప్ ఒక్కటి దాచమనండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక వార్త చదివాను. ఒక కార్యాలయంలో సర్వర్ పడిపోయి రెండు రోజులు పనులు ఆగిపోయాయి, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కాగితాలు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు, మూడో రోజు రీస్టార్ట్ చేస్తే అన్నీ మామూలుగా పనిచేశాయి. కారణం "సాంకేతిక లోపం" అని రాశారు. విలేఖరిది తప్పనడం లేదు, ఆయనకు అక్కడివాళ్లు చెప్పింది అంతే అయ్యుంటుంది. కానీ 14 ఏళ్లుగా హైదరాబాద్‌లో నేను చేస్తున్న ఉద్యోగమే ఇలా పడిపోయిన మెషీన్లు ఎందుకు పడ్డాయో తేల్చడం. అందుకే ఆ "రీస్టార్ట్ చేస్తే" అన్న మాట దగ్గర ప్రాణం ఉసూరుమంది. రీస్టార్ట్ చేశారంటే మెమరీలో ఉన్న సాక్ష్యం మొత్తం తుడిచిపెట్టుకుపోయినట్టే. ఇంకో నెలకో రెండు నెలలకో అదే మెషీన్ మళ్లీ పడితే మళ్లీ అదే మెట్లు, అదే జనం.

ఇలా జరగక్కర్లేదండీ. లైనక్స్ సర్వర్ అయితే కేడంప్ అనే సదుపాయం 2005 నుంచీ కెర్నెల్‌లోనే, అంటే మెషీన్ మొత్తాన్ని నడిపించే మూల ప్రోగ్రామ్‌లోనే ఉంది, దాని తయారీలో బెంగళూరు ఐబీఎం ఇంజినీర్ల చెయ్యి పెద్దది. మెషీన్ ఆన్ అయినప్పుడే కొంచెం మెమరీ, 256 ఎంబీ అనుకోండి, పక్కన పెట్టి అందులో ఇంకో చిన్న కెర్నెల్‌ను ఉంచుతుంది. అసలు కెర్నెల్ కుప్పకూలగానే ఈ చిన్నది లేచి, పోయినదాని మెమరీని ఒక ఫైల్‌గా డిస్క్ మీద రాసి, ఆ తర్వాతే మెషీన్‌ను రీస్టార్ట్ చేస్తుంది. ఆ ఫైలే క్రాష్ డంప్. విండోస్‌కీ ఇలాంటి ఏర్పాటు ఉంది. నేను చూసినంతలో చాలాచోట్ల ఇది ఆఫ్‌లో ఉంటుంది, ఆన్‌లో ఉన్నచోట డిస్క్‌లో ఖాళీ లేక సగం రాసి ఆగిపోతుంది, అంతా సరిగ్గా జరిగి డంప్ పడితే "ఇంత పెద్ద ఫైల్ ఏంటిది" అని ఎవరో డిలీట్ చేసేస్తారు. ఈ మూడోది విన్నప్పుడల్లా నాకు ఆ రోజు అన్నం సయించదు.

డంప్ చేతికొచ్చాక మేం ముందు చూసేది స్టాక్, అంటే మెమరీలో ఒక్కో పనికి కేటాయించిన చిన్న జాగా. ప్రోగ్రామ్‌లో ఒక పని చేసే కోడ్ ముక్కను ఫంక్షన్ అంటాం; ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు, పని అయ్యాక తిరిగి ఎక్కడికి రావాలో ఆ అడ్రస్ స్టాక్ మీద పడుతుంది. ఆ రెండోది మూడోదాన్ని పిలిస్తే దాని మీద ఇంకో అడ్రస్, పెళ్లిలో విస్తళ్ల దొంతర లాగా. 64 బిట్ ఇంటెల్ మెషీన్లలో లైనక్స్ ఒక్కో పనికి ఇచ్చే కెర్నెల్ స్టాక్ 16 కేబీ, అంటే ఒక్కోటి 8 బైట్ల చొప్పున 2,048 గళ్లు. పడిపోయిన చోటి నుంచి ఆ తిరుగు అడ్రస్‌లను ఒక్కొక్కటే పట్టుకుని వెనక్కి వెళ్తూ, ఎవరు ఎవర్ని పిలిస్తే వ్యవహారం ఇక్కడిదాకా వచ్చిందో తేల్చడమే స్టాక్ అన్‌వైండింగ్. చిక్కేంటంటే ఆ 2,048 గళ్లలో ఏది తిరుగు అడ్రసో, ఏది మామూలు లెక్కో, ఏది ఇందాకెప్పుడో ఇంకో పనికి వాడి వదిలేసిన పాత అడ్రసో వాటి మీద రాసి ఉండదు. వాడేసిన స్టాక్‌ను మామూలుగా ఎవరూ తుడవరు.

దీని కోసం కెర్నెల్ రాసేవాళ్లు పడిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ప్రతి ఫంక్షన్ ఫ్రేమ్ పాయింటర్, అంటే స్టాక్‌లో తన భాగం ఎక్కడుందో చూపే గుర్తు, పెట్టుకుంటే గొలుసు తేలిగ్గా దొరుకుతుంది, కానీ కొన్ని పనుల్లో 5 నుంచి 10 శాతం దాకా వేగం పడిపోతున్నట్టు కొలిచి చూశారు. డ్వార్ఫ్ అనే, తప్పులు వెతకడానికి పనికొచ్చే డీబగ్ సమాచారాన్ని చదివి వెనక్కి నడిచే అన్‌వైండర్‌ను 2006లో కెర్నెల్‌లో పెట్టారు గానీ, క్రాష్ కారణం చెప్పాల్సినదే తప్పులు చేస్తుండటంతో తీసేశారు. చివరికి 2017లో 4.14 కెర్నెల్‌తో కెర్నెల్ డెవలపర్ జోష్ పోయింబోఫ్ రాసిన ఓఆర్‌సీ అనే అన్‌వైండర్ వచ్చింది. కెర్నెల్‌ను కంపైల్ చేసేటప్పుడే, అంటే రాసిన కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చేటప్పుడే, ఆబ్జ్‌టూల్ అనే పరికరం కోడ్ అంతా చదివి, ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగితే తిరుగు అడ్రస్ ఎంత దూరంలో ఉంటుందో ఒక పట్టిక తయారు చేస్తుంది. కొన్ని ఎంబీల మెమరీ పోతుంది, వేగం మాత్రం తగ్గదు. నా లెక్కలో ఇది చాలా మంచి బేరం. ఐతే ఆ పట్టికలో లేని కోడ్ ఎదురైతే అన్‌వైండర్‌కు దారి తప్పుతుంది.

అలా దారి తప్పినప్పుడు ఏమవుతుందో నా అనుభవం ఒకటి చెప్తాను. రెండేళ్ల కిందట మా క్లయింట్ ఒకరి బిల్లింగ్ సర్వర్ మూడు వారాల్లో మూడుసార్లు అర్ధరాత్రి పడింది. మొదటి రెండుసార్లూ డంప్ లేదు. మూడోసారి మాత్రం డంప్ పడింది. అక్కడి టీమ్ అందులోని కాల్ ట్రేస్, అంటే అన్‌వైండర్ తేల్చిన పిలుపుల వరస, తీసి చూశారు. పడిపోయిన చోటు బయటి కంపెనీ ఇచ్చిన, డేటాను రహస్య రూపంలోకి మార్చే ఎన్‌క్రిప్షన్ మాడ్యూల్‌లో ఉంది, దాని కింది వరసలోనే నెట్‌వర్క్ కార్డును నడిపే డ్రైవర్ ఫంక్షన్ పేరు కనిపించింది. ఆ కార్డుతో వాళ్లకు అంతకుముందే గొడవలున్నాయి, ఇంకేముంది, కార్డు కంపెనీకి మెయిళ్ల మీద మెయిళ్లు, ఫోన్‌లో కేకలు, చివరికి డబ్బు పెట్టి కార్డే మార్చేశారు. పది రోజులకు సర్వర్ మళ్లీ పడింది. అప్పుడు నా దగ్గరికొచ్చింది.

నేను చూసేసరికి ఆ డ్రైవర్ పేరు ముందు ఒక ప్రశ్నార్థకం ఉంది. దాని కింద ఉన్న వరసలన్నిటికీ ఉంది. లైనక్స్ కాల్ ట్రేస్‌లో ఆ చిన్న గుర్తుకు అర్థం ఏమిటంటే, "ఈ అడ్రస్ స్టాక్ మీద కనిపించింది, కానీ ఇది నిజంగా పిలుపుల గొలుసులో ఉందని చెప్పలేను" అని. పాతది కావచ్చు, నిజమైనదీ కావచ్చు. అది తెలియక, లేదా తెలిసీ తొందరలో, జనం పేరు చదువుతారు, గుర్తు వదిలేస్తారు. ఒక ఆదివారం పొద్దున కూర్చుని చేత్తో నడిచాను. పడిన క్షణంలో దాచిన రిజిస్టర్లలోంచి (ప్రాసెసర్ లోపలి చిన్న గళ్లు) స్టాక్ ఎక్కడిదాకా వచ్చిందో చూపే స్టాక్ పాయింటర్ తీసుకుని, ఆ ఎన్‌క్రిప్షన్ ఫంక్షన్ మొదలు చదివితే, అది చేత్తో రాసిన అసెంబ్లీ కోడ్, అంటే మెషీన్ ఆదేశాలనే నేరుగా రాసినది. ఆరు రిజిస్టర్లను స్టాక్ మీదకి తోస్తుంది, 48 బైట్లు. లోకల్ జాగా కోసం ఇంకో 40 తీసుకుంటుంది. మొత్తం 88. ఆబ్జ్‌టూల్ హెచ్చరికలు ఇస్తోందని దాన్ని తయారుచేసినవాళ్లు ఆ ఫైల్‌ను పరిశీలన నుంచే తప్పించేశారు, అందుకని పట్టికలో దాని ఊసే లేదు. డ్రైవర్ అడ్రస్ ఉన్నది ఆ 40 బైట్ల జాగాలో, ఎవరూ ఏమీ రాయని గడిలో. అదే ప్రాసెస్ అంతకుముందెప్పుడో నెట్‌వర్క్ మీద డేటా పంపినప్పుడు మిగిలిపోయిన జాడ అది. ఆ అడ్రస్ చూపే కోడ్‌కు సరిగ్గా ముందున్న 5 బైట్ల కాల్ (పిలుపు) ఇన్‌స్ట్రక్షన్ చూస్తే వేరే ఎవరినో పిలుస్తోంది, ఈ ఎన్‌క్రిప్షన్ ఫంక్షన్‌ను కాదు. సరిగ్గా 88 బైట్ల దూరంలో ఉన్న గడి చూస్తే అక్కడ బ్యాకప్ మాడ్యూల్ అడ్రస్ ఉంది, దాని ముందున్న కాల్ ఈ ఫంక్షన్‌నే పిలుస్తోంది. అక్కడి నుంచి ఇంకో రెండు మెట్లు వెనక్కి వెళ్తే తెలిసింది: 12 బైట్ల ముక్కలోంచి 16 బైట్ల హెడర్ తీసేసి, మిగిలిన −4ను పొడవుగా పంపారు. మైనస్ గుర్తు లేని సంఖ్యగా చదివితే అది కొండంత సంఖ్య, చదువుతూ చదువుతూ లేని మెమరీలోకి వెళ్లి పడిపోయింది. బ్యాకప్ నడిచేది అర్ధరాత్రే. ఒక్క లైను సరిచేస్తే పోయేదానికి పాపం నెట్‌వర్క్ కార్డువాళ్లను ఎన్ని మాటలన్నారో.

పెద్ద స్థాయిలో కూడా ఇదే తొందర. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి, మన హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే ఎవరో క్రాష్ డంప్ బొమ్మ ఒకటి పెట్టి, ఇది నల్ పాయింటర్ తప్పు, అంటే సున్నా అడ్రస్‌ను చదవబోవడం, అని తేల్చేశారు, లక్షల మంది దాన్ని షేర్ చేశారు. కానీ మైక్రోసాఫ్ట్ డంప్‌లను విప్పి చూపించినదాంట్లో, ఆ అడ్రస్ చదివే ముందే అది సున్నానా కాదా అనే పరీక్ష కోడ్‌లో ఉంది. ఆగస్టు 6న క్రౌడ్‌స్ట్రైక్ ఇచ్చిన నివేదికలో అసలు కారణం బయటపడింది: ఒకచోట 21 విలువలు ఉంటాయని రాసుకున్నారు, అందించినవి 20, లేని ఆ 21వ దాన్ని చదవబోయి హద్దు దాటారు. డంప్ ఉన్నా ఓపిక లేకపోతే తప్పు మనిషి మీద నింద పడుతుంది, అసలు తప్పు అలాగే ఉండిపోతుంది.

నేను మిమ్మల్ని కోరేది పెద్దదేం కాదు. ఇకమీద "సర్వర్ క్రాష్" వార్త రాసేటప్పుడు డంప్ దాచారా లేదా, దాన్ని ఎవరైనా చదివారా అని మీ విలేఖరులు అడగాలి. దాచలేదంటే అదీ వార్తే. "కారణం తెలిసింది" అని ఎవరైనా చెప్తే, ఎలా తెలిసిందని అడగండి. ఇంకో సంగతి కూడా: డంప్ అంటే మెమరీ మొత్తం కాబట్టి అందులో పాస్‌వర్డ్‌లు, జనం వివరాలు ఉండే అవకాశం ఉంది, వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునే ఫైల్ కాదది. సరిగ్గా అదే కెర్నెల్ వెర్షన్‌కు చెందిన డీబగ్ ఫైళ్లు కూడా దగ్గర పెట్టుకోవాలి, లేదంటే పేర్లన్నీ తప్పుగా వస్తాయి.

మన రెండు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీలవాళ్లకూ ఒక మాట. ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లలు స్టాక్ అంటే పుష్, పాప్ గడగడ అప్పజెప్తారు, ఎంతో తెలివైనవాళ్లు, కానీ నిజమైన స్టాక్ ఒక్కటి కళ్లతో చూసినవాళ్లు పదిమందిలో ఒకరు దొరకడం కష్టం. ల్యాబ్‌లో ఒక వర్చువల్ మెషీన్ పెట్టి, కేడంప్ ఆన్ చేసి, కావాలని పడగొట్టి, ఆ డంప్ విప్పించడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. ఖర్చు లేదు, కావాల్సిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే. ఏ కాలేజీ పిలిచినా శనివారాలు వచ్చి చేయించడానికి నేను సిద్ధం.

ఆ వార్త రాసిన విలేఖరి మళ్లీ ఆ కార్యాలయానికి వెళ్తే, కేడంప్ ఆన్‌లో ఉందా అని ఒక్క మాట అడిగి రమ్మనండి. లేదంటే ఎలా ఆన్ చేయాలో వాళ్లకు ఫోన్‌లోనే చెప్తాను, అరగంట కూడా పట్టదు. నా నంబర్ ఈ ఉత్తరంతో పాటు మీ ఆఫీసుకు పంపుతున్నాను, అచ్చు వేయకండి, వాళ్లకు ఇవ్వండి.

ఇట్లు,
ఒక కెర్నెల్ సపోర్ట్ ఇంజినీర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్