బయటివాడికీ ఆ పుస్తకాలు అందాలి

సంపాదకులకు నమస్కారం.

లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మాది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చికి వెళ్లడం ఇప్పటికీ మానలేదు. ఐదేళ్లుగా మాత్రం ఉపనిషత్తులు, ప్రాచీన చైనా జ్ఞాని లావోజీ చెప్పినట్టుగా పేరున్న తావో తే చింగ్ చదువుతున్నాను. ఈ సంగతి తెలిసి మా చర్చి పెద్దలు దిగులుపడ్డారు. గ్రంథాలయంలో పుస్తకం అడిగితే "ఇవి మీకెందుకు సార్?" అన్నారు. మతం మారడానికి కాదండీ. పుట్టినప్పటి నుంచీ హిందువుల మధ్యే బతుకుతున్నాను, పక్కింటివాళ్లు దేన్ని తలుచుకుని దండం పెట్టుకుంటున్నారో తెలుసుకోకుండా పోవడం నాకిష్టం లేదు.

ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతును మర్రిపండు తెమ్మంటాడు. చీల్చమంటాడు. లోపల సన్నటి గింజలు. గింజను కూడా చీల్చమంటాడు. ఏముంది? ఏమీ కనిపించడం లేదు. నీకు కనిపించని ఆ సూక్ష్మంలోంచే ఇంత మర్రి నిలబడింది నాయనా అంటాడు తండ్రి. చదివిన మర్నాడే చెట్టు కింద ఒక ఎర్రటి పండు ఏరుకొచ్చి, పేపరు మీద పెట్టి బ్లేడుతో కోశాను. ముందు ఆవగింజంత కూడా లేని పురుగులు రెండు బయటికొచ్చాయి. గింజలు గసగసాలంత. ఒకదాన్ని గోటితో నొక్కితే చిట్లి పొడైంది. కళ్లద్దాలు తుడుచుకుని చూసినా అందులో ఏమీ లేదు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సున్నా నేర్పినవాణ్ణి, ఆ పొడి చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ పాఠం "తత్త్వమసి" అని ముగుస్తుంది. నా దగ్గరున్న పుస్తకం "అది నువ్వే" అని అర్థం రాసి ఊరుకుంది. మా వీధిలోని సంస్కృతం మాస్టారు చెబితే తెలిసింది. జీవుడూ దేవుడూ వేరన్న ద్వైతాచార్యుడు మధ్వాచార్యులు ఆ మాటను దానికి ముందున్న "ఆత్మా"తో కలిపి చూసి, "అతత్ త్వమసి" అని విడదీశారట. అంటే "నువ్వు అది కావు" అని! ఒక్క "అ"తో అర్థం తిరగబడింది. వందల ఏళ్లుగా ఇంత వాదన నడిచిన మాట అది. ఇంట్లో వింటూ పెరిగినవాళ్లకు తెలిసుండొచ్చు. నాలాంటివాడికి పేజీ అడుగున రెండు లైన్లు వేయకపోతే ఎవరు చెబుతారు?

తావో పుస్తకంతో ఇంకో ఇబ్బంది. 81 చిన్న అధ్యాయాలు, మొత్తం కలిపి సుమారు 5,000 చైనా అక్షరాలే. నేను చదివిన తెలుగు ప్రతి ఇంగ్లీషు నుంచి తెచ్చింది. 11వ అధ్యాయంలో "ముప్పై చువ్వలు కేంద్రంలో కలుస్తాయి" అని ఉంది. రెండుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. మూడోసారికి, ఇది బండిచక్రం కదా అనిపించింది. మా నాన్న బండ్లు చేసిన వడ్రంగి. చక్రానికి ఉండేవి ఆకులు. అవి దిగేది కుంభిలో. కుంభి నడుమ తొలిచిన బెజ్జంలో ఇరుసు ఉంటుంది. ఆ బెజ్జం లేకపోతే ఎంత గట్టి తుమ్మ పెట్టినా బండి కదలదు. లావోజీ చెప్పిందీ అదే, పనికొచ్చేది ఆ ఖాళీయే అని. "ఆకులు, కుంభి" అని రాసుంటే మొదటిసారికే నాకు మా నాన్న కొట్టం కళ్లముందుకొచ్చేది.

మాటలదేముంది అనుకోవద్దు. మన ధాన్యకటకం చూసి వెళ్లిన చైనా బౌద్ధ యాత్రికుడు హుయాన్‌త్సాంగ్, స్వదేశం చేరాక 647లో చక్రవర్తి ఆజ్ఞ మీద ఇదే పుస్తకాన్ని సంస్కృతంలోకి తేవడానికి పూనుకున్నాడు. దారి అని అర్థమున్న "తావో"ను "బోధి" (బౌద్ధుల జ్ఞానోదయం) అందామని అక్కడి తావో పండితులు పట్టుబడితే, కాదు, "మార్గం" అనాల్సిందేనని ఆయన వాదించాడు.

అందుకని నా మనవి. ఈ పుస్తకాలు వేసేవాళ్లు బయటివాడు కూడా చదువుతాడని తలచి, వివాదమున్న చోట ఆ సంగతి రాయండి. పాత చైనీసు చదివినవాళ్లను వెతికి, తావోను నేరుగా ఆ భాషలోంచే తెలుగులోకి తెప్పించండి. గ్రంథాలయ సెస్సు అన్ని మతాలవాళ్లమూ కడుతున్నాం. మా ఊళ్లో ఇవన్నీ "భక్తి" అని రాసిన బీరువాలో, తాళం వేసి ఉంటాయి. తాళంచెవి ఉన్నాయన సెలవు పెడితే ఆ రోజుకు పుస్తకం లేనట్టే. వాటిని బయటి ర్యాకుల్లోకి మార్చండి. చక్రం అధ్యాయానికి బండి మాటలు కావాలంటే నేను రాసిస్తాను, మా నాన్న ఉలులూ, బాడిసెలూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
బాపట్ల జిల్లా