వట్టి వలను కూడా లెక్క రాయండి: మత్స్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గుంటూరు

గౌరవనీయులైన రాష్ట్ర మత్స్యశాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

విషయం: ప్రకాశం బ్యారేజీ దిగువన వలస చేపల పరిశీలన, ఆ సమాచారాన్ని భద్రపరిచే ఏర్పాటు.

అయ్యా,

నేను గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. కృష్ణలో సముద్రం నుంచి ఎదురెక్కే పులస గురించి, సముద్రంలో పుట్టి నదిలో పెరిగే మలుగు గురించి, ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య తిరిగే పండుగప్ప గురించి క్రమబద్ధమైన పరిశీలన మొదలుపెట్టమని మీకు వినతులు అందుతూనే ఉంటాయి. నేనూ అదే కోరుతున్నాను. అయితే నా కోరిక చేపలను పట్టి కొలవడం దగ్గర ఆగదు. కొలిచిన అంకె పదేళ్ల తర్వాత, దాన్ని రాసిన మనిషి లేనప్పుడు కూడా అర్థమయ్యేలా ఎక్కడ, ఎలా ఉంటుందన్నదే ఈ లేఖ రాయడానికి కారణం.

నా అనుభవమే చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ ఇచ్చిన చిన్న పథకం కింద, నేనూ నా విద్యార్థులూ రెండు వరద కాలాలపాటు సీతానగరం నుంచి పెనుమూడి దాకా రేవు రేవుకూ తిరిగి, వలలో పడిన చేపలను తూచి, కొలిచి పుస్తకాల్లోకి ఎక్కించాం. పథకం ముగిశాక ఆ పుస్తకాలన్నీ సంస్థకు అప్పగించాం. తర్వాత చాలాకాలానికి ఒక పరిశోధక విద్యార్థిని ఆ సమాచారం కోసం వెళితే, కార్యాలయం మారినప్పుడు పుస్తకాలు చిత్తు కాగితాల కింద పోయాయని చెప్పి, మిగిలిన ఒక్క ఎక్సెల్ పట్టికను ఇచ్చారు. ఆ అమ్మాయి దాన్ని నా దగ్గరకు తెచ్చింది. అది మా పట్టికేనని పోల్చుకోవడానికి నాకే కొంతసేపు పట్టింది.

అందులో తేదీల గడిని చూడగానే కథ తెలిసిపోయింది. మేము ఆగస్టు 7ను 7/8 అని రాసుకున్నాం. ముందు నెల, తర్వాత రోజు చదివే అమరికలో ఉన్న కంప్యూటర్ దాన్ని జూలై 8గా మార్చేసింది. పన్నెండు దాటిన తేదీలను నెలగా చదవలేదు కాబట్టి అవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే మిగిలాయి. అంటే ప్రతి నెలలో మొదటి పన్నెండు రోజుల చేపలు చెల్లాచెదురై ఏడాదంతా పరుచుకున్నాయి. పులస విషయంలో జూలై మొదటి వారానికీ ఆగస్టు మొదటి వారానికీ ఉన్న తేడా చిన్నది కాదు. వరద నీరు సముద్రానికి చేరక ముందు ఒక రకం, చేరాక మరో రకం. ఆ పట్టికను నమ్మి ఎవరైనా వ్యాసం రాసి ఉంటే, వరద రాకముందే పులస కృష్ణలోకి ఎక్కుతుందని తేల్చి ఉండేవారు.

రెండో గడిలో ‘పొడవు’ అని మాత్రమే ఉంది. పులస తోక లోతుగా చీలి ఉంటుంది. మూతి నుంచి తోక కొస వరకు కొలిస్తే ఒక అంకె, తోక చీలిక వరకు కొలిస్తే మరో అంకె వస్తాయి, పెద్ద చేపల్లో ఆ తేడా సెంటీమీటర్లలో ఉంటుంది. మేము చీలిక వరకే కొలిచాం. ఆ సంగతి పుస్తకం మొదటి పేజీలో రాశాం. పేజీ పోయింది, అంకె మిగిలింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. వల వేసి ఒక్క పులసా పడని రోజులను మేము సున్నాతో రాశాం. ఎవరో ఆ వరుసలు అనవసరమనుకుని తీసేశారు. పట్టికలో మిగిలినవన్నీ చేప పడిన రోజులే కావడంతో, చూసేవారికి ప్రతిరోజూ పులస పడినట్టే కనిపిస్తుంది. రేవులో మత్స్యకారుణ్ణి అడిగితే, వట్టి వలతో ఇంటికి వెళ్లిన రోజులనే ముందుగా చెబుతాడు. చేప తగ్గిందో పెరిగిందో చెప్పగలిగేది ఆ వట్టి వలే. అది కూడా ఎన్ని వలలు, ఎన్ని గంటలు, వలకన్ను ఎంత అన్న వివరాలు పక్కన ఉంటేనే చెబుతుంది. ఖాళీగా వదిలిన గడికీ సున్నాకీ తేడా ఉంది. ఖాళీ గడి అంటే ఆ రోజు వల వేయలేదో, వేసినా రాయలేదో, పండుగ సెలవో తెలియదు. సున్నా అంటే వేశారు, పడలేదు.

మన మత్స్యకారుల దగ్గర మరో రకమైన లెక్క ఉంది, దానికీ మీ పట్టికలో చోటు కావాలి. వారు తేదీ చెప్పరు. ‘మఖ కార్తెలో, పున్నమి పోటుకు’ అంటారు. చదువుకున్నవారు దీన్ని అస్పష్టమైన మాటగా తీసేస్తారు కానీ, నిజానికి ఇందులో రెండు కొలతలు ఉన్నాయి. కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడిచేవి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీల్లో వస్తాయి, మఖ అంటే ఆగస్టు రెండో సగం. పున్నమి అంటే చంద్రుణ్ణి బట్టి పోటు ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. కాబట్టి వారు చెప్పిన మాటను చెప్పినట్టే ఒక గడిలో ఉంచి, దాని నుంచి మనం లెక్కగట్టిన తేదీని పక్క గడిలో రాయాలి. మన లెక్క తప్పని రేపు తేలితే దిద్దుకోవడానికి అసలు మాట మిగిలి ఉంటుంది. పేర్ల విషయమూ ఇంతే. సముద్రంలో ఇలస, నదిలో పులస అనేవారున్నారు, పొలస అనేవారున్నారు, శాస్త్రీయంగా అన్నీ టెన్యులోసా ఇలీషాయే. విజయవాడ మార్కెట్లో ఇంకో చిక్కు ఉంది. ‘పుస్తెలమ్మైనా పులస తినా’లనే సామెత పుణ్యమా అని, ఐసు పెట్టెల్లో బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన ఇలస కూడా పులస పేరుతోనే అమ్ముడవుతుంది. అందువల్ల మార్కెట్లో చూసిన చేపకూ, పడవ మీద చూసిన చేపకూ వేర్వేరు గుర్తులు లేకపోతే, కృష్ణలో ఈదని చేపలు కృష్ణ లెక్కలోకి ఎక్కుతాయి.

ఇక బ్యారేజీ. బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డుగా ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో 70 గేట్లతో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. ఆనకట్టల వల్ల నదికి ఎదురెక్కే చేపలు ఆగిపోతున్నాయని బ్రిటిష్ కాలపు మత్స్య శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1870లలోనే ఆనాటి ప్రభుత్వానికి నివేదించాడు. అంటే ఈ ప్రశ్నకు నూట యాభై ఏళ్ల వయసుంది. ఇన్నేళ్లలో పైన నాగార్జునసాగర్, శ్రీశైలం, జూరాల, ఆలమట్టి, పులిచింతల వచ్చాయి. బ్యారేజీ దాటి సముద్రానికి పోయే మంచినీరు ఇప్పుడు ఏడాదిలో కొన్ని వరద రోజులకే పరిమితమైంది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఏడాదిలో చాలా రోజులు గేట్లు మూసే ఉంటాయి. చేపలను లెక్కించిన రోజున ఎన్ని గేట్లు ఎంత ఎత్తులో ఎత్తారో తెలియకుండా, గేట్ల కింద ఎన్ని చేపలు పడ్డాయన్న అంకె దేనికీ పనికిరాదు. గేట్ల లెక్క జలవనరుల శాఖ దగ్గర ఉంటుంది, చేపల లెక్క మీ శాఖ దగ్గర ఉండాలి. రెంటినీ కలపాలంటే పెద్ద యంత్రాంగం ఏమీ అక్కర్లేదు. రెండు శాఖలూ ఒకే తేదీ రూపాన్ని, 24 గంటల సమయాన్ని, ఒక్కో చోటుకు ఒకే సంకేతాన్ని వాడితే చాలు.

దీనికి 2015 నుంచి పట్టిసీమ కూడా తోడైంది. ఎత్తిపోసిన గోదావరి నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది. ఆ నీటితో గోదావరి చేపల గుడ్లూ పిల్లలూ ఇటు వస్తున్నాయా, బ్యారేజీ కింద కనిపించిన చేప ఏ నదిది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే, మోటార్లు నడిచిన రోజుల జాబితా, చేప రెక్క నుంచి తీసి ఆల్కహాలులో భద్రపరిచిన చిన్న ముక్క, ఆ ముక్క సీసాపైనా పట్టికలోనూ ఒకే సంఖ్య ఉండాలి. ఫార్మలిన్‌లో వేసిన నమూనా ఆకారాన్ని చూడటానికి పనికొస్తుంది గానీ డీఎన్‌ఏ పరీక్షకు సరిగా పనికిరాదు. పెన్సిల్‌తో రాసిన చీటీని సీసా లోపల వేయకుండా, సీసా పైన స్కెచ్ పెన్నుతో రాసి వదిలేస్తే ఆల్కహాలు ఒలికినప్పుడు ఆ రాత చెరిగిపోతుంది. మా విద్యార్థులు మొదటి ఏడాది నేర్చుకున్న పాఠం ఇదే.

అమెరికాలో కొలంబియా నదిపై బొనవిల్ ఆనకట్ట దగ్గర 1938 నుంచి ఎదురెక్కే సాల్మన్లను లెక్కిస్తున్నారు. ఆ అంకెలు ఈనాటికీ ఎవరైనా చూడవచ్చు. అక్కడ బియ్యపు గింజంత ట్యాగును చేప శరీరంలో పెడతారు. దానిలో బ్యాటరీ ఉండదు, ఆనకట్టల దగ్గరి పరికరం ముందు నుంచి చేప వెళ్లినప్పుడు దాని సంఖ్య నమోదవుతుంది. ఏ రాష్ట్రం, ఏ తెగ, ఏ విశ్వవిద్యాలయం పెట్టిన ట్యాగయినా పీటాగిస్ అనే ఒకే ఉమ్మడి నిలయంలోకి ఒకే రూపంలో చేరుతుంది. మన పులసకు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి తగిలించమని నేను అనడం లేదు. వల నుంచి తీసిన పులస ఎంతోసేపు బతకదు. అక్కడి నుంచి తెచ్చుకోవలసింది పరికరం కాదు, ఎనభై ఏళ్లకు పైగా తెగని ఆ వరుస. మన దగ్గరా ప్రభుత్వాలు మారినా, ఉద్యోగులు మారినా గడుల అర్థం మారకూడదు, మార్చవలసి వస్తే ఎప్పుడు ఎందుకు మార్చారో రాసి పెట్టాలి.

కాబట్టి నా విన్నపం ఇది. మొదటి వల నీటిలో పడకముందే, ఏ గడికి ఏ అర్థం, ఏ ప్రమాణం, ఎవరు రాయాలి, ఎవరు సరిచూడాలి, తప్పు కనిపిస్తే ఎలా దిద్దాలి అన్నవి తెలుగులో రాసిన చిన్న పుస్తకంగా అచ్చు వేయించండి. రేవులో రాసిన కాగితాన్ని ఆ సాయంత్రమే ఫొటో తీయించండి. అసలు పట్టికను ఎవరూ ముట్టకూడదు, దిద్దుబాట్లన్నీ నకలులోనే జరగాలి, అనుమానం ఉన్న అంకెను తీసేయకుండా పక్కన గుర్తు పెట్టాలి. మూడు ప్రతులు ఉంచి, వాటిలో ఒకటి విజయవాడకు బయట ఉంచండి. 2024లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన రోజులు గుర్తున్నవారికి దీనికి కారణం చెప్పనక్కర్లేదు.

ఈ పనికి ఒక మనిషి కావాలి. పథకం డబ్బులో పడవలకూ తూనికలకూ పోగా మిగిలితే చూద్దామనే ధోరణి వద్దు. సమాచార నిర్వాహకుడి జీతాన్ని పడవ డీజిలుతో సమానంగా మొదటి పద్దులోనే పెట్టండి. ఆ ఉద్యోగికి బదిలీ అయిన రోజున, గిడ్డంగి తాళాలు అప్పగించినట్టే పట్టికలనూ సంకేతాలనూ సంతకంతో అప్పగించే నియమం ఉండాలి. ప్రజాధనంతో సేకరించిన సమాచారాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచాలని 2012 నాటి జాతీయ విధానం చెబుతోంది. అదే సమయంలో, ఏ కుటుంబం ఏ మడుగులో వల వేస్తుందో, వారి ఫోన్ నంబరు ఏమిటో బయటపెట్టే హక్కు మనకు లేదు. బహిరంగ పట్టికలో రేవు పేరు చాలు, మడుగు గుర్తులు శాఖ దగ్గరే ఉండాలి. లెక్క చెప్పినవారికి ఏడాది చివర వారి రేవు అంకెలు తెలుగులో తిరిగి చూపిస్తే, మరుసటి ఏడాది వట్టి వలల సంగతి కూడా దాచకుండా చెబుతారు. మాకు అలాగే జరిగింది.

ఈ పనులకు మీ ఉత్తర్వు మృగశిర కార్తెలోపు వెలువడితే రాబోయే వరద కాలాన్ని పోగొట్టుకోకుండా ఉంటాం. ఆనాడు సంస్థకు ఇవ్వకుండా నా దగ్గర మిగిలినవి రెండు సొంత డైరీలు. వాటిలో కొన్ని రేవుల లెక్క సున్నాలతో సహా ఉంది, ఎక్కడి వరకు కొలిచామో కూడా రాసి ఉంది. వాటిని శాఖకు అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాను. తీసుకుని రసీదు ఇవ్వగల కార్యాలయం ఏదో దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు