గుంటూరు క్యాసెట్ల బాబాయ్‌కి, ఇంకా కొందరికి కృతజ్ఞతలు

నిన్న రాత్రి ఆఖరి సంచీ ఇంటికి చేరింది. వరదలో మునిగిన 163 క్యాసెట్లలో 121 మళ్లీ పలుకుతున్నాయి. చేతులు ఇంకా స్పిరిట్ వాసన కొడుతున్నాయి, సరిగా నిద్రపోయి ఎన్ని రోజులైందో గుర్తులేదు. రాసింది అటూ ఇటూ అయితే సర్దుకోండి. రేపు రాద్దాం అనుకుంటే రేపటికి ఇంకో పని పడుతుంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మేం తొమ్మిది మందిమి. నెలలో మొదటి ఆదివారం బెజవాడ సింగ్‌నగర్‌లో మా ఇంట్లో కలుస్తాం. ఎవరో ఒకరు ఒక ఆల్బమ్ తెస్తారు, మొదటి నుంచి చివరి దాకా వింటాం. మధ్యలో పాట మార్చకూడదు, ఫోన్ ముట్టుకోకూడదు. తర్వాత టీ, మిరపకాయ బజ్జీలు, గొడవ. రేడియోహెడ్ వాళ్ల ఓకే కంప్యూటర్ (1997) గొప్పదా, ఉత్త ఏడుపా అని మా జట్టులో ఒక బ్యాంకు ఆయనకీ నాకూ ఇప్పటికీ తెగలేదు. ఇండియన్ ఓషన్ వాళ్ల కందీసా (2000) విన్న రోజు మాత్రం ఎవరూ కొట్లాడుకోలేదు. ఆ టైటిల్ పాట కేరళ సిరియన్ క్రైస్తవులు పాడుకునే ప్రార్థన అని తెలిశాక బజ్జీలు కూడా చల్లారిపోయాయి.

పనిచేసే టేప్‌డెక్ నా ఒక్కదాని దగ్గరే ఉంది. అందుకని అందరూ తొంభైల్లో బీసెంట్ రోడ్డులో కొనుక్కున్న క్యాసెట్లన్నీ తెచ్చి మా ఇంట్లోనే పెట్టారు. మంచం కింద ఇనుప ట్రంకు పెట్టె. అందులో నావి నలభై కూడా ఉండవు. మిగతావన్నీ నన్ను నమ్మి ఇచ్చినవి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం, నా వంతు. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ వినిపిద్దామనుకున్నాను. శనివారం రోజంతా ఒకటే వాన. ఆ చప్పుడులో ఆల్బమ్ మొదట్లో వచ్చే గుండె చప్పుడు వినపడుతుందో లేదో అని రాత్రి ఎ సైడు వేసి చూశాను. సైడు అయిపోయింది, వెనక్కి తిప్పకుండా అలాగే పెట్టెలో పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి బుడమేరు వాగు మా వంటింట్లో ఉంది.

నీళ్ల సంగతి ఇక్కడ రాయను, ఊరందరికీ తెలిసిందే. పిల్లల్ని, మా అత్తయ్యని పట్టుకుని మేడెక్కాం. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే బురద, బురదలో ప్లాస్టిక్ డిప్పలు. అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. సగం తీసుకెళ్లి డాబా మీద ఎండలో ఆరబెట్టాను. వడియాల్లాగా. సాయంత్రానికి డిప్పలు వంకర్లు తిరిగాయి, లోపల బురద గట్టిపడి చుట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పోయిన 42లో ఎక్కువ భాగం వరద వల్ల పోలేదు, నా ఎండ వల్ల పోయాయి. వాటి సొంతదారులకు ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన "పోన్లెండి మేడం" అన్నాడు. ఆ మాటకన్నా తిట్టుంటే బాగుండేది.

అడగ్గా అడగ్గా గుంటూరు అరండల్‌పేటలో ఒక సందు చివర ఒకాయన ఉన్నాడని తెలిసింది. ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మెకానిక్, ఇప్పుడు మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేస్తాడు. పేరు రాయొద్దన్నాడు. ఎందుకో తర్వాత చెప్తాను. డెబ్బై దాటి ఉంటాయి. నేను రెండు సంచులతో దిగేసరికి కొట్టు నిండా మన వరద మిక్సీలే, బెజవాడ నుంచి చుట్టాల ద్వారా వచ్చినవి. ఒక్కో మిక్సీకి డబ్బులు చేతిలో పడతాయి. ఆయన వాటిని పక్కకు జరిపి, నా సంచీలోంచి ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఎండలో పెట్టావా అమ్మాయ్?"

"పెట్టాను బాబాయ్ గారూ."

"ఇక పెట్టమాక. తడిగానే తీసుకురా."

అంతే, బేరం లేదు, ఎప్పటికిస్తావు లేదు. తడిగా ఉన్నవాటిని ఆరనివ్వకుండా బకెట్లో నీళ్లలోనే పెట్టి తెమ్మన్నాడు. బకెట్లు పట్టుకుని బెజవాడ నుంచి గుంటూరుకు బస్సులో ఎన్నిసార్లు తిరిగానో!

ఆయన పని చూస్తూ కూర్చుంటే నాకు ఇల్లు గుర్తొచ్చేది కాదు. ఐదు స్క్రూలు తీసి డిప్పలు విప్పుతాడు. స్క్రూలు లేకుండా అతికించినవైతే అంచు వెంట బ్లేడు. రీలు చుట్టలు రెండూ పడిపోకుండా అరచేతిలో పట్టి, ఇన్వర్టర్లకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కడుగుతాడు. పళ్లెం మార్చి మళ్లీ. కుళాయి నీళ్లు వద్దంటాడు, ఉప్పు మిగులుతుందట. తర్వాత ఫ్యాన్ కింద, నీడలో. ఆరాక పాత పంచె ముక్క రెండు వేళ్ల మధ్య పట్టుకుని, రీలంతా దాని గుండా చేత్తో చుడతాడు. 90 నిమిషాల క్యాసెట్టయితే రీలు పొడవు దగ్గర దగ్గర 130 మీటర్లు. ఆ వయసులో ఆ వేళ్లతో.

పనికిరాని డిప్పల బదులు పాత సామాను కొట్లో భక్తి క్యాసెట్లు ఏరి తెచ్చి వాటి డిప్పలు వాడాడు. నిర్వాణ వాళ్ల నెవర్‌మైండ్ (1991) ఇప్పుడు అయ్యప్ప భజనల్లో ఉంది. దాని మీద పేరు చదివి "ఇదీ భక్తి క్యాసెట్టేనా?" అన్నాడు. ఆ అట్ట మీద నీళ్లలో ఈదే పసివాడి బొమ్మ ఉంటుంది కదా, దాన్ని తుడిచి ఆరబెడుతూ "వీడు ముందే మునిగున్నాడు, వీడికి వరదొక లెక్కా" అని నవ్వాడు. వరద మొదలయ్యాక నేను నవ్వింది అదే మొదటిసారి.

అసలు రాయాలనుకున్నది ఇది. దసరాకి ముందు ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. ఎత్తితే మాట లేదు, పాట. ఆ పింక్ ఫ్లాయిడ్ క్యాసెట్టు ఎ సైడు ఆఖర్లో ఒక ఆవిడ మాటల్లేకుండా గొంతెత్తి పాడుతుందే, అది. ఆ శనివారం నేను అక్కడే ఆపి పెట్టాను కాబట్టి ఆ భాగమే చుట్టకి పై పొరల్లో ఉండిపోయింది. బురద ముందు పట్టేది దాన్నే. ఆ పాట పోయి ఉంటుందని నేను అప్పటికే వదిలేసుకున్నాను.

కాసేపటికి ఆయన గొంతు. "అమ్మాయ్, ఈవిడ ఇట్లాగే అరుస్తదా, నేనేమన్నా పాడుచేశానా? మాటలుంటే ఎక్కడ పోయిందో తెలిసేది. మాటల్లేవు. ఏది దెబ్బో, ఏది ఏడుపో నాకెట్లా తెలుస్తది? నాలుగుసార్లు విన్నా. నువ్వు విని చెప్పు."

మళ్లీ పెట్టాడు. నేను మెట్ల మీద కూర్చుని చివరి దాకా విన్నాను. వరదలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. అవతల ఆయన "ఏమైంది, పోయిందా, పోయిందా" అని కంగారు పడుతున్నాడు. "లేదు బాబాయ్ గారూ, ఇట్లాగే ఉంటుంది" అని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయనకి ఘంటసాల తప్ప ఎవరూ పట్టరు. ఆ పాట నచ్చిందా అంటే "నాకెందుకు నచ్చాలి, నీది నీకు రావాలి గానీ" అన్నాడు.

మర్నాడు వెళ్లి ఆ గొంతు క్లేర్ టోరీ అనే ఆవిడదని చెప్పాను. 1973 జనవరిలో ఒక ఆదివారం లండన్‌లో అబ్బీ రోడ్ స్టూడియోకి వచ్చి పాడి వెళ్లింది, ఆదివారం కాబట్టి రేటు రెట్టింపు కట్టి 30 పౌండ్లు ఇచ్చారు. "తర్వాతేమన్నా ఇచ్చారా?" అని అడిగాడు. ముప్పై ఏళ్ల తర్వాత కోర్టుకెళ్తే రాజీ అయింది, అప్పట్నుంచి పాట కట్టినవాళ్లలో ఆవిడ పేరు కూడా వేస్తున్నారని చెప్పాను. "ఊఁ" అన్నాడు. నాకే సిగ్గేసింది, ఎందుకంటే అప్పటికి నేనూ ఆయనకి రూపాయి ఇవ్వలేదు. నిన్న బలవంతం చేస్తే బిల్లు రాసిచ్చాడు. డిస్టిల్డ్ వాటర్, స్పిరిట్, స్క్రూలు, పాత డిప్పలు, మొత్తం 1,840 రూపాయలు. కూలీ అన్నచోట ఒక అడ్డగీత. రెండు వేలిస్తే మిగతా 160 లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. పేరు ఎందుకు రాయొద్దన్నాడంటే, ఈ క్యాసెట్ల పనిలో పడి మిక్సీలు ఆలస్యం చేశాడు, ఆ మిక్సీల వాళ్లు చదివితే తిడతారని.

మా ఆయన, పిల్లలు, గుణదలలో మా చెల్లి వాళ్లు అందరూ చేశారు. ఇంటివాళ్లే కదా, వాళ్లకి ఇక్కడ చెప్పేదేముంది. క్యాసెట్లన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించింది మా అక్క కొడుకు. సరే, వాడికి బిర్యానీ బాకీ.

చెప్పకూడదనుకున్నాను గానీ ఆగడం లేదు. నష్టం రాసుకునేవాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు ఇల్లు తాళం వేసి ఉందని వెళ్లిపోయారు. బురదలో పడుకోమంటారా? రెండోసారి జాబితాలో మా పేరు లేదన్నారు. మూడోసారి వచ్చి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు రాసుకున్నారు. క్యాసెట్లు అంటే ఆ అబ్బాయి "యాప్‌లో ఆ కాలమ్ లేదు మేడం" అన్నాడు. వాడి తప్పు కాదు. కింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయలు అని ప్రకటించారు, మాకు ఇంకా పడలేదు. అది కూడా పోనీ. ఆ రాత్రి వీధిలో ఒక్క మైకు తిరిగి నీళ్లొస్తున్నాయని చెప్పి ఉంటే ట్రంకు పెట్టెని ఇద్దరం కలిసి పది నిమిషాల్లో మేడెక్కించేవాళ్లం. ఇంతేగా కావాల్సింది. ఇక్కడితో ఆపుతాను.

నవంబరు 3, ఆదివారం కలుద్దాం. ఎవరి క్యాసెట్లు వాళ్లు ఏరుకుని తీసుకెళ్లండి. పైన దేవుడి బొమ్మ ఉందని వదిలేసి వెళ్లొద్దు, లోపల మీదే.

మర్చిపోయాను, బాబాయ్ అడ్రస్ ఇచ్చింది లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలమ్మే అతను. నేను అడిగింది పాత మ్యాగజైన్ గురించి, ఆయన చెప్పింది ఇది. ఇంకా, కారుతున్న బకెట్లతో ఎక్కితే దింపకుండా డ్రైవర్ వెనక చోటిచ్చిన కండక్టర్ గారు. డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు సందు చివరిదాకా మోసిన కుర్రాడు.

అయ్యో, మేడ మీద పిన్నిగారు! ఆరు రోజులు ఆరుగురం వాళ్ల హాల్లోనే ఉన్నాం, వాళ్ల బియ్యమే తిన్నాం, ఇంత రాసి ఆవిడ్నే మర్చిపోయాను. పిన్నిగారూ, ఏమనుకోకండి. మీ స్టీలు డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది, పొద్దున్నే తెచ్చిస్తాను.