ఒక్క సాయంత్రం కూర్చోండి

చిన్నా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మాటల మధ్యలో "ఏరా, విశేషం ఏమైనా ఉందా?" అని అడిగాను. నువ్వు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నావు, "తనింకా ఆలోచిస్తోంది నాన్నా. నాకూ ఏం తేలడం లేదు. కనాలా, కొన్నాళ్లు ఆగాలా, అసలు వద్దనుకోవాలా? ఎవరు ఫోన్ చేసినా ఇదే టెన్షన్. ఏం చేయమంటావ్?" అని. నేను "అన్నీ అవే సర్దుకుంటాయిలే" అనేశాను.

ఆ మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. అవే సర్దుకోవు. మన ఇంట్లో సర్దింది మీ అమ్మ. అది చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెప్పాలంటే మధ్యలో గొంతు పూడుకుపోతుంది నాకు.

పెళ్లయిన కొత్తలో నేనొక స్కూటర్ కొన్నాను. దాని కోసం మూడు నెలలు తిరిగాను. తెలిసినవాళ్ల బండ్లు నడిపి చూశాను. మైలేజీ లెక్కలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వాయిదాలు పోగా జీతంలో ఎంత మిగులుతుందో నెలనెలకీ గళ్లు గీసి మరీ చూసుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇంకా బీరువాలో ఉంది, నిన్న తీశాను. స్కూటర్‌కి పదకొండు పేజీలు పట్టాయి. మీ అక్క గురించి గానీ నీ గురించి గానీ, మీరు పుట్టకముందు రాసుకున్న లైను ఒక్కటీ లేదు. రాసుకోవడం మాట అటుంచు, నేనూ మీ అమ్మా ఆ విషయం మీద ఒక్క సాయంత్రం కూర్చుని మాట్లాడుకున్న గుర్తు కూడా లేదు. పెళ్లయింది, పిల్లలు పుడతారు, అంతే అనుకున్నాం. కాదు, అంతే అనుకున్నాను. మీ అమ్మ ఏమనుకుందో నేనసలు అడగలేదు.

అక్కకి ఐదో నెల నిండకముందే నువ్వు కడుపున పడ్డావు. బిడ్డ పాలు తాగుతున్నంత కాలం మళ్లీ గర్భం రాదని ఎవరో అంటే నమ్మాను. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ దానికి మూడు షరతులున్నాయి. బిడ్డకి ఆరు నెలలు దాటి ఉండకూడదు, తల్లికి నెలసరి మళ్లీ మొదలై ఉండకూడదు, పగలూ రాత్రీ బిడ్డకి తల్లిపాలు తప్ప మరేదీ పట్టకూడదు. ఏ ఒక్కటి తప్పినా ఆ భరోసా పోయినట్టే. మీ అమ్మకి పాలు చాలక అక్కకి మూడో నెల నుంచే పోతపాలు పట్టాం. అంటే మేం నమ్ముకున్నది అప్పుడే చేజారిపోయింది. ఏ డాక్టర్‌ని అడిగినా రెండు నిమిషాల్లో చెప్పి ఉండేవారు. నేను అడగలేదు.

ఇది చదివి నొచ్చుకోకు. నువ్వు మేం వద్దనుకున్న బిడ్డవి కాదు, మేం అనుకోని బిడ్డవి. ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది. నిన్ను చేతుల్లోకి తీసుకున్న క్షణం నుంచి నువ్వు లేని ఇల్లు నేనెన్నడూ ఊహించుకోలేదు. కానీ నువ్వంటే ప్రాణం కదా అని, నా నిర్లక్ష్యం నిర్లక్ష్యం కాకుండా పోదు.

నువ్వు కడుపులో ఉండగా ఏడో నెలలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది. గర్భిణికి 11 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు. 7 కంటే దిగితే తీవ్రమైనదని లెక్క. ఆ వారంలోనే ఒక సాయంత్రం నేను స్కూల్ నుంచి వచ్చేసరికి అక్క ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. మీ అమ్మ గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. చేతిలో పాలసీసా ఉంది, మూత బిగించలేదు. పాలు కొంచెం కొంచెంగా చీర మీద కారుతున్నాయి. "లేద్దామనే చూస్తున్నానండీ, కాళ్లు రావడం లేదు" అంది. సీసా పట్టుకున్న ఆ వేళ్ల గోళ్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి. మూత నేను బిగించాను. అక్కని ఎత్తుకుని పాలు పట్టాను. అప్పటిదాకా నేను దానికి పాలు పట్టింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒక కాన్పు తర్వాత మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఒక బిడ్డని మోసి, కని, పాలిచ్చిన ఒంట్లో ఇనుము, ఫోలేట్ నిల్వలు మళ్లీ నిండడానికి ఆ వ్యవధి కావాలి. నేను మీ అమ్మకి ఇచ్చింది ఐదు నెలలు కూడా కాదు. నువ్వు పుట్టాక తను రెండు నెలల పాటు మంచం దిగి సరిగ్గా తిరగలేకపోయింది. ఆ ఏడాది రాయాలనుకున్న ఉద్యోగ పరీక్ష రాయలేదు. ఆ తర్వాతా రాయలేదు. దాని గురించి నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఇక పిల్లలు చాలనుకున్నాక ఆపరేషన్ చేయించుకున్నది ఎవరో తెలుసా? మీ అమ్మే. అంత రక్తం తక్కువైన మనిషి. మగవాళ్లకి చేసేది చాలా చిన్న ఆపరేషన్, పొట్ట తెరవక్కర్లేదు, ఆ రోజే ఇంటికి వచ్చేయొచ్చు. మూడు నెలల పాటు గర్భం రాకుండా వేరే జాగ్రత్త పాటించి, తర్వాత వీర్యంలో కణాలు లేవని ఒక పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. డాక్టర్ నాకూ చెప్పారు. నాకు భయం వేసింది. బలహీనపడిపోతానేమో అనుకున్నాను. అందులో నిజం లేదని తర్వాత తెలిసింది. తెలిసేసరికి మీ అమ్మ పొట్ట మీద కుట్లు మానిపోయాయి కూడా.

సోషల్ టీచర్‌గా ఎన్నో ఏళ్లు మానవ హక్కుల పాఠం చెప్పాను. 1968లో టెహ్రాన్‌లో జరిగిన అంతర్జాతీయ మానవ హక్కుల సదస్సు, ఎంతమంది పిల్లల్ని కనాలో, ఎంత ఎడంతో కనాలో స్వేచ్ఛగా, బాధ్యతగా నిర్ణయించుకోవడం తల్లిదండ్రుల ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. 1994లో కైరోలో జరిగిన జనాభా సదస్సు ఆ హక్కు దంపతులదీ, వ్యక్తులదీ అని చెప్పి, దానికి కావలసిన సమాచారం, సాధనాలు కూడా వాళ్లకి అందాలంది. స్వేచ్ఛగా, బాధ్యతగా. ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఎందుకున్నాయో పాఠం చెప్పినన్నాళ్లూ నాకు తట్టలేదు, నీ ఫోన్ తర్వాత తట్టింది. స్వేచ్ఛగా అంటే నువ్వు నాకు గానీ, మీ అత్తగారికి గానీ, ఇంకెవరికి గానీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. బాధ్యతగా అంటే, పుట్టబోయే బిడ్డని "నీకు రావాలని ఉందా?" అని అడిగే వీలు లేదు కాబట్టి, ఆ ప్రశ్నలన్నీ ముందే మిమ్మల్ని మీరు వేసుకోవాలి.

మనవడో మనవరాలో కావాలని నాకు ఉంది. దాచను. కానీ అది నా కోరిక. దాని బరువు మీ ఇద్దరి మీద మోపే హక్కు నాకు లేదు.

మీరిద్దరూ ఒక్క సాయంత్రం కూర్చోండి. ఫోన్లు పక్కన పెట్టేసి కూర్చోండి. ముందు ఎందుకు కావాలో మాట్లాడుకోండి. అందరికీ ఉన్నారనో, ముసలితనంలో చూస్తారనో అయితే ఇంకొంచెం ఆలోచించండి. బిడ్డ పుడితే మా మధ్య గొడవలు సద్దుమణుగుతాయి అనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే మాత్రం, ముందు ఆ గొడవ సంగతి చూసుకోండి. నిద్రలేని రాత్రులు ఏ గొడవనీ తగ్గించవు. పుట్టిన బిడ్డ మొదటి వారాల్లో రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. అంటే ప్రతి రెండు మూడు గంటలకీ ఎవరో ఒకరు లేవాలి. ఎవరు లేస్తారు? ఉద్యోగం ఎవరు ఆపుతారు, ఎన్నాళ్లు, ఆ నెలల్లో ఇల్లు ఒక్క జీతంతో నడుస్తుందా? కావాలంటే ముందే రెండు మూడు నెలలు ఒక్క జీతంతో బతికి చూడండి, రెండోది ముట్టుకోకుండా. కాగితం మీద లెక్క కంటే అది నిజం చెప్తుంది. బీమా పాలసీ కూడా తీసి చదవండి, చాలా పాలసీల్లో కాన్పు ఖర్చుకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్న కొంతకాలం దాకా ఆ ఖర్చు ఇవ్వరు.

"నేను సాయం చేస్తాను" అని మాత్రం అనకు. నేనూ అదే అన్నాను. సాయం చేసేవాడు అలిసిపోతే ఆపేయొచ్చు. తన పని అనుకున్నవాడికి ఆ వీలు లేదు.

కనాలనుకుంటే పని అప్పటి నుంచే మొదలవుతుంది, పరీక్షలో రెండు గీతలు వచ్చాక కాదు. బిడ్డ మెదడుగా, వెన్నుపాముగా మారే నాళం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిందన్న సంగతే తెలియదు. అందుకే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కనీసం నెల ముందు నుంచే మొదలుపెట్టమంటారు. కోడలికి రుబెల్లా టీకా పడిందో లేదో చూసుకోవాలి, అది వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకూడదు. తలసీమియా అని తల్లిదండ్రుల నుంచి బిడ్డకి వచ్చే రక్తపు జబ్బు ఒకటుంది, ఇద్దరూ దాని పరీక్ష చేయించుకోండి. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకున్నా దాని జన్యువు ఇద్దరిలోనూ ఉంటే, ప్రతి గర్భంలోనూ బిడ్డకి ఆ జబ్బు రావడానికి 25 శాతం అవకాశం ఉంటుంది. పైకి ఇద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు, పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఇక నీ సిగరెట్. మానేశానని అమ్మకి చెప్పావు, మానలేదని నాకు తెలుసు. వీర్యకణం తయారవడానికి రెండు నెలల పైనే పడుతుంది. కనీసం మూడు నెలల ముందు మానెయ్. తన ఒంట్లో జరగాల్సినవన్నీ తను చేసుకోవాలి కదా, నీ వంతు ఇదొక్కటే.

కాన్పు తర్వాత తను ఊరికే ఏడుస్తుంటే, బిడ్డ ముఖం చూడబుద్ధి కావడం లేదంటే, "ఇంత మంచి రోజుల్లో ఏడుపేంటి" అనకు. అప్పుడే కన్న తల్లుల్లో దాదాపు 13 శాతం మంది డిప్రెషన్ లాంటి మానసిక సమస్యతో బాధపడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చికిత్స ఉంది. డాక్టర్ దగ్గరికి నువ్వే తీసుకెళ్లు.

ఆగాలనుకుంటే ఆగండి, కానీ "ఇంకా ఉందిలే" అని వదిలేయకండి. ఎన్నాళ్లు ఆగుతున్నారో మీకే తెలిసుండాలి. అప్పటిదాకా జాగ్రత్త బాధ్యత నువ్వు తీసుకో, మాత్రల సంగతి తనే చూసుకుంటుందని వదిలేయకు. 35 దాటాక ఆడవాళ్లకి గర్భం వచ్చే అవకాశం వేగంగా తగ్గుతుంది, మగవాడి వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఏడాది ప్రయత్నించినా రాకపోతే, తనకి 35 దాటి ఉంటే ఆరు నెలలకే, డాక్టర్‌ని కలవండి. పరీక్షలకి ఇద్దరూ వెళ్లండి. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందికి మగవాడి వైపు నుంచి కూడా కారణం ఉంటుంది. తనొక్కదాన్నే హాస్పిటల్ కుర్చీల్లో కూర్చోబెట్టకు.

నీకు కావాలి, తనకి వద్దు అయితే? నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే. మిగతా విషయాల్లో చెరి సగం సర్దుకోవచ్చు, ఇందులో సగం అనేది లేదు. నీకు ఎంత కావాలని ఉందో దాచకుండా చెప్పు. తను ఎందుకు వద్దంటోందో చివరిదాకా విను, మధ్యలో జవాబులు చెప్పకు. నవ మాసాలు మోసేది తను. తను సరేననే దాకా అది లేదన్నట్టే. ఇద్దరూ కలిసి అసలు వద్దే అనుకుంటే, ఆ మాట నాకు చెప్పడానికి మాత్రం భయపడకు. బంధువులకి నేను చెప్పుకుంటాను.

ఈ ఉత్తరం పోస్ట్ చేసే ముందు మీ అమ్మకి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ఏమీ అనలేదు. పెన్ను అడిగింది. నువ్వు పుట్టాక "రెండు నెలల పాటు" మంచం దిగలేదని రాశాను కదా, ఆ "రెండు" కొట్టేసి పైన "నాలుగు" అని రాసింది. దిద్దింది అలాగే ఉంచాను, చూడు.

మీ నాన్న