మెథోట్రెక్సేట్ చీటీ మీద వారం పేరు తెలుగులో రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో కీళ్లవాతం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఏం తినాలి, ఏం మానాలి, ఏ వ్యాయామం చేయాలి అన్నీ వివరంగా రాశారు. అయితే ఈ జబ్బు ఉన్నవాళ్ల చేతికి డాక్టరు దగ్గర్నుంచి, ల్యాబు నుంచి వచ్చే కాగితాల్లో ఏముంటుందో, వాటిని ఎలా చదువుకోవాలో ఒక్క ముక్క కూడా లేదు. భీమవరంలో మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని నేను. ఆ కాగితాలన్నీ రోజూ నా కౌంటర్ మీదకే వస్తాయి. వాటి గురించి, ముఖ్యంగా ఈ జబ్బుకు రాసే మెథోట్రెక్సేట్ అనే మందు చీటీ గురించి చెప్పకపోతే మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. మోకాళ్లు అరిగిపోవడం వేరు, నేనిక్కడ కీళ్లవాతం అంటున్న రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. మొదటిది వయసుతో కీలులోని మృదులాస్థి అరిగి వచ్చేది. రెండోది మన రోగనిరోధక శక్తే దారి తప్పి, కీలు లోపలి పొర మీద దాడి చేయడం వల్ల వచ్చే దీర్ఘకాల జబ్బు. ఆ పొర ఉబ్బి, వేడెక్కి, పక్కనున్న ఎముకను కూడా కొరికేస్తుంది. రెండు చేతుల్లోనూ ఒకే రకం కీళ్లు వాయడం, పొద్దున్నే లేవగానే వేళ్లు గంటకు పైగా బిగుసుకుపోయి ఉండటం దీని గుర్తులు. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ముప్పై, నలభై ఏళ్ల వాళ్లకూ వస్తుంది. మా వైపు రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఆడవాళ్లు ‘ఐసులో చేతులు పెట్టి పెట్టి వచ్చింది’ అనుకుని నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తుంటారు. ఆలస్యమైన కొద్దీ వేళ్లు వంకరపోతాయి. ఒకసారి వంకరపోయిన వేలు మందులతో తిరిగి నిటారు కాదు.

ఈ జబ్బుకు ఎక్కువమందికి మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. మంచి మందు. సరిగ్గా వాడితే కీళ్లను కాపాడుతుంది. కానీ దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మిగతా మందులన్నీ రోజూ వేసుకునే అలవాటున్న మన ఇళ్లల్లో ఈ ఒక్క మాట చెవిన పడకపోతే ప్రాణం మీదకొస్తుంది.

నర్సాపురం వైపు పల్లె నుంచి ఒక మామ్మగారు వచ్చారు. జీవితమంతా లేసు అల్లిన మనిషి. వేళ్ల మొదటి కణుపులు ఉబ్బిపోయి, ఉంగరం తీయడం కుదరక కోయించేశారట. ఖాళీ అట్ట ఒకటి నా ముందు పెట్టి, ‘ఇవి అయిపోయినయ్యమ్మా, ఇంకో అట్ట ఇయ్యి’ అన్నారు. మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాములు, పది బిళ్లల అట్ట. పది వారాలు రావాలి. ఎప్పుడు కొన్నారని అడిగితే మొన్న మొన్ననే, వేరే షాపులో అన్నారు. మాట్లాడుతుంటే ఆవిడ పెదవి లోపలి వైపు తెల్లగా పుండ్లు కనిపించాయి. అన్నం తినలేక మజ్జిగ తాగుతున్నానన్నారు. చీటీ తీసి చూశాను. దాని మీద ‘1-0-0’ అని ఉంది. వారానికి ఒకసారి అన్న ఇంగ్లీషు మాట పక్కనే ఉంది కానీ, గీత కిందకు జారిపోయి, ఇంటూ గుర్తులా కనిపించే రాతలో ఉంది. ఊళ్లో చదువుకున్న మనవడు ‘1-0-0 అంటే పొద్దున ఒకటి’ అని చెప్పాడు. రోజూ పొద్దున్నే ఒకటి వేసుకున్నారు. ఆ కుర్రాడిది తప్పు కాదు, మిగతా ఏ మందుకైనా ఆ అంకెలకు అర్థం అదే.

వెంటనే ఆసుపత్రికి పంపాను. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. మందు ఆపి, దానికి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇచ్చి, కొన్నాళ్లు లోపల ఉంచుకుని బయటపడేశారు. ఆవిడ అదృష్టవంతురాలు. ఈ మందు రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జను దెబ్బతీస్తే కొందరు తిరిగి రారు.

ఇది మన దగ్గరే జరిగే పొరపాటు కాదు. ఐరోపాలో కూడా ఇలాంటివి జరిగి జరిగి, 2019లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ మెథోట్రెక్సేట్ పెట్టెల మీద, అట్టల మీద హెచ్చరిక స్పష్టంగా ఉండాలని, వారంలో ఏ రోజు వేసుకోవాలో రోగికి తెలియాలని సూచించింది. మన అట్టల మీద ఎర్ర గీత ఉంటుంది, పక్కన చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు హెచ్చరిక ఉంటుంది. మామ్మగారికి, మనవడికి అది ఎందుకు పనికొస్తుంది?

ఇంకో చిక్కు కూడా ఉంది. మెథోట్రెక్సేట్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, దుష్ప్రభావాలు తగ్గడానికి. సాధారణంగా మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు తప్ప మిగతా రోజుల్లో ఇస్తారు. రెండూ చిన్నవే, రెండూ పసుపుపచ్చనివే. అట్టలోంచి తీసి డబ్బాలో పోసుకున్నారంటే ఏది ఏదో మాకే చెప్పడం కష్టం. అందుకే మా షాపులో ఎవరికిచ్చినా అట్టలోంచి తీయవద్దని చెప్పి, రెండూ వేర్వేరు కవర్లలో పెడతాం. మెథోట్రెక్సేట్ కవరు మీద ‘ప్రతి బుధవారం మాత్రమే’ అని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాస్తాం. ఏ వారమో వాళ్లనే అడిగి రాస్తాం. శనివారం ఉపవాసముండే ఆవిడకు శనివారం రాసి ప్రయోజనం లేదు కదా.

ఇక రెండో భయం. ఫోన్లో మందు పేరు కొట్టి చూడగానే ‘క్యాన్సర్ మందు’ అని వస్తుంది. అంతే, ఇంట్లో అందరికీ టెన్షన్. ‘మేడం గారూ, మా అమ్మకి క్యాన్సరని డాక్టరు దాచిపెట్టాడా?’ అని ఏడుస్తూ అడిగిన కొడుకులున్నారు. చెప్పకుండా మందు మానేసినవాళ్లు మరింత మంది. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు కొన్ని రకాల్లో గ్రాముల్లో ఉంటుంది. కీళ్లవాతానికి వారానికి ఏడున్నర నుంచి 25 మిల్లీగ్రాములు. ఈ మోతాదులో అది దారి తప్పిన రోగనిరోధక శక్తిని అదుపులో పెడుతుంది. అమెరికాలో 1988లోనే దీన్ని కీళ్లవాతానికి అనుమతించారు.

ఈ మందు పేరు విని భయపడేవాళ్లకు నేను ఇంకో సంగతి కూడా చెబుతాను. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే అనే మందుల సంస్థ పరిశోధనశాలకు నాయకత్వం వహించినప్పుడు, ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులనూ ఆ బృందమే తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలమైనా అదుపు చేయగలిగారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. అంటే మామ్మగారి సంచిలో ఉన్న రెండు పసుపు బిళ్లలూ మన ఊరి మనిషి పరిశోధనశాల నుంచి వచ్చినవే. ఈ మాట చెప్పాక కొందరి మొహంలో భయం పోయి, ‘అలాగాండీ!’ అని బిళ్ల వైపు చూడటం నేను చూశాను. ఆయన పుట్టిన ఊళ్లోనే ఆ మందు ఎలా వాడాలో తెలియక మనుషులు ఆసుపత్రి పాలవడం నాకు నిజంగా బాధగా ఉంది.

ఇప్పుడు ల్యాబు రిపోర్టుల సంగతి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ‘ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్’ అన్న మాట. కీళ్లవాతం ఉందేమోనని చేయించే రక్తపరీక్ష ఇది. మా అక్కకే జరిగింది. వేళ్లు వాచి పరీక్ష చేయిస్తే నెగటివ్ వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషపడి, ‘వాతం లేదట’ అని స్పెషలిస్టు దగ్గరకు వెళ్లడం మానేశారు. నేనప్పటికి ఇంకా ఇంటర్ చదువుతున్నాను, ఎవరికీ తెలియదు. రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం స్పెషలిస్టుకు చూపించేసరికి కుడిచేతి వేళ్లు చిటికెన వేలి వైపు వాలిపోయాయి. ఎక్స్‌రేలో ఎముక కొరుక్కుపోయి కనిపించింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లలో సుమారు నూటికి ఇరవై ముప్పై మందికి ఈ పరీక్ష నెగటివ్‌గానే ఉంటుంది. మరోవైపు ఏ కీళ్ల జబ్బూ లేని కొందరు పెద్దవాళ్లలో, హెపటైటిస్ సి లాంటి జబ్బులున్నవాళ్లలో పాజిటివ్ వస్తుంది. యాంటీ సీసీపీ అనే మరో రక్తపరీక్ష దీనికంటే నమ్మదగినది. అది పాజిటివ్ వస్తే ఈ జబ్బే అయ్యే అవకాశం చాలా ఎక్కువ, కానీ అది కూడా నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. కీళ్లను చేత్తో నొక్కి చూసే డాక్టరు మాటే చివరి మాట. రిపోర్టు ఆ డాక్టరుకు సాక్ష్యం మాత్రమే.

ఈఎస్ఆర్ సంగతీ అంతే. ‘నాకు ఈఎస్ఆర్ జబ్బుందండి’ అని చెప్పేవాళ్లు రోజుకొకరైనా తగులుతారు. అది జబ్బు పేరు కాదు. రక్తాన్ని గడ్డకట్టకుండా చేసి, సన్నని నిలువు గొట్టంలో పోసి, ఒక గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందకు దిగాయో చూస్తారు. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) ఉంటే రక్తంలో కొన్ని ప్రొటీన్లు పెరిగి, కణాలు రూపాయి బిళ్లలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి అతుక్కుని త్వరగా దిగిపోతాయి. రక్తహీనత ఉన్నా, గర్భిణిగా ఉన్నా, వయసు పెరిగినా, టీబీ ఉన్నా అంకె పెరుగుతుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే. కాబట్టి అంకె పక్కన ఎక్కువ అన్న గుర్తు కనబడగానే కంగారుపడక్కర్లేదు. సీఆర్పీ అనేది కాలేయం తయారుచేసే ప్రొటీన్. ఇన్‌ఫ్లమేషన్ వస్తే ఇది త్వరగా పెరుగుతుంది, మందు పనిచేస్తే త్వరగా తగ్గుతుంది. అందుకే డాక్టర్లు రెండూ చేయిస్తారు. రక్తకణాల లెక్క చూసే సీబీపీ, కాలేయం పరీక్షలు మాత్రం జబ్బు కోసం కాదు, మెథోట్రెక్సేట్ ఒంటికి పడుతోందా లేదా అని చూడటానికి. ‘నొప్పి తగ్గింది కదా, మళ్లీ రక్తపరీక్ష ఎందుకు, డబ్బు దండగ’ అని మానేసేవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పడం లేదు.

మరో మాట కచ్చితంగా అచ్చు వేయండి. మెథోట్రెక్సేట్ వాడుతూ గర్భం దాల్చకూడదు, కడుపులో బిడ్డకు ప్రమాదం. పిల్లల కోసం అనుకుంటే నెలల ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్చించుకోవాలి. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి అత్తగారి ముందు ఈ మాట అడగాలంటే మొహమాటం. అట్ట మీద ఇంగ్లీషులో ఉన్న మాట ఆ అమ్మాయికి కనబడదు. మద్యం అలవాటున్నవాళ్లు కూడా డాక్టరుతో దాచకూడదు, కాలేయానికి దెబ్బ.

అలాగే పేరు లేని పొడులు. ‘మూడు రోజుల్లో నొప్పి మాయం’ అని సంతల్లో అమ్ముతారు. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలు ఉన్నాయి. ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం తర్వాత తెలుస్తాయి. డాక్టరు ఇచ్చిన స్టెరాయిడ్ అయినా ఒక్కసారిగా మానేయకూడదు, మెల్లగా తగ్గించాలి.

తప్పు డాక్టర్లదే అనను. ఒక్కో ఓపీలో ఎంత మందిని చూస్తారో నాకు తెలుసు. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లోనే నిబంధన వచ్చింది. కానీ వారం పేరు తెలుగులో రాయడానికి నిబంధన కూడా అక్కర్లేదు. ‘ప్రతి బుధవారం మాత్రమే’ అన్న మూడు మాటలకు ఎంత సేపు పడుతుంది? మా ఫార్మసిస్టుల బాధ్యత ఇంకా ఎక్కువ. మందు ఎలా వాడాలో రోగికి వివరించాలని 2015 ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల్లోనే ఉంది. షాపులో సర్టిఫికెట్ గోడకు తగిలించి, కౌంటర్‌లో పదో తరగతి కుర్రాడిని కూర్చోబెడితే ఆ బాధ్యత తీరదు. మెథోట్రెక్సేట్ ఇచ్చేటప్పుడు నెలకు సరిపడా నాలుగో, ఐదో బిళ్లలు పేరు, తేదీ ఉన్న ముక్కతో సహా కత్తిరించి ఇస్తే, రోజూ వేసుకున్నా వారం తిరక్కుండానే మళ్లీ మన ముందుకు వస్తారు, ప్రమాదం చిన్నగా ఉండగానే పట్టుకోవచ్చు. ల్యాబులవాళ్లు ఆర్ఏ ఫ్యాక్టర్ ఫలితం కింద ‘ఈ ఒక్క పరీక్షతో జబ్బు ఉందని గానీ లేదని గానీ తేల్చలేం, డాక్టరుకు చూపించండి’ అని తెలుగులో ఒక వాక్యం అచ్చువేస్తే చాలు. కంప్యూటర్‌లో ఒకసారి పెడితే సరిపోతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. అక్టోబర్ 12 ప్రపంచ ఆర్థరైటిస్ దినం. ఆ వారం ఆరోగ్య పేజీలో పావు పేజీ ఈ మాటలకు కేటాయించండి. ఈఎస్ఆర్, సీఆర్పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్, స్టెరాయిడ్, ఒక్కోదానికి రెండు వాక్యాలు చాలు. కత్తిరించి ఫైలులో పెట్టుకునేలా చుట్టూ గీత గీసి వేయండి. నేను రాసి పంపుతాను. అచ్చుకు ముందు ఒక రుమటాలజిస్టు చేత తప్పక సరిచూపించండి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్ట్,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా.