రెండు వారాల టీచర్లు ఎవరి కోసం?

పేద పిల్లల బడుల్లో పాఠాలు చెప్పిస్తామని తిరుపతి కాలేజీ విద్యార్థులను విదేశాలకు పంపుతున్న ఏజెన్సీలను కాస్త కనిపెట్టి ఉండాలి. మా అమ్మాయి నిరుడు ఖాట్మండులో ఒక బడిలో రెండు వారాలు చెప్పొచ్చింది. టికెట్ కాక అరవై వేలు కట్టాం. అందులో బడికి ఎంత చేరిందంటే ఏజెంటు ఇప్పటికీ చెప్పడు. తనకు నేపాలీ రాదు, పిల్లలకు ఇంగ్లిష్ అంతంతే. ముందు వచ్చినవాళ్లు చెప్పిన ఏబీసీడీలే మళ్లీ చెప్పిందట. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి! చిన్నపిల్లల మధ్యకు పంపుతూ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా అడగలేదు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో దరఖాస్తు చేస్తే వచ్చేదే కదా అది. ఆ సర్టిఫికెట్ తప్పనిసరి చేసి, కనీసం మూడు నెలలు ఉండగలిగినవాళ్లనే పంపాలి. బడి వాటా ఎంతో రసీదు మీదే రాయాలి. దీనికి ఒప్పుకోని ఏజెన్సీలను కాలేజీలు గేటు దాటనివ్వకూడదు. రెండు వారాలే తీరిక ఉన్నవాళ్లకు మన జిల్లా యానాది కాలనీల్లో తెలుగులోనే చెప్పే పని బోలెడుంది.

– ఒక తండ్రి, తిరుపతి